నా ఎడమ అరికాలి పుట్టుమచ్చ గారికి

అయ్యా,

మీ నివాసమే నా పాదం కింద కాబట్టి, పాదాభివందనం ఎవరు ఎవరికి చేయాలో తేలక మామూలు నమస్కారంతో సరిపెడుతున్నాను.

మీలోంచి కోసిన ముక్క ఫలితం ఈ రోజు ఇస్తామన్నారు. దేవరకద్రలో పొద్దున బస్సెక్కి మహబూబ్‌నగర్ వచ్చి, మూడింటిదాకా బల్ల మీద కూర్చున్నాక ‘సోమవారం రండి’ అన్నారు. ఏ సోమవారమో చెప్పలేదు. వాళ్ల సంగతి సరే, నా గొడవ మీతో.

పదో తరగతిలో గుర్తింపు చిహ్నం కోసం హెడ్మాస్టరు నా ముఖమంతా వెతికి, చివరికి చెప్పు విప్పించి మిమ్మల్ని సర్టిఫికెట్‌లోకి ఎక్కించారు. ఆ పుణ్యాన ఎందరు గుమాస్తాల ముందు ఒంటికాలి మీద నిలబడ్డానో! అరికాలి మచ్చ దేశాలు తిప్పుతుందని మా నాయనమ్మ మురిసిపోయింది. పాలమూరువాడికి దేశాలు తిరగడానికి మచ్చ కావాలా? మా వీధివాళ్లు ఏ మచ్చా లేకుండానే ముంబయి, పుణె చూసొచ్చారు. మీరుండీ నేను జడ్చర్ల దాటలేదు.

అయినా పల్లెత్తు మాటన్నానా? సున్నం, సబ్బుసోడా పెట్టి కాల్చెయ్యమన్నవారినీ, గుర్రపు వెంట్రుక కట్టమన్నవారినీ దగ్గరికి రానివ్వలేదు. నలభై ఏళ్లు పెసరగింజంతే ఉన్న పెద్దమనిషి, ఆరు నెలల్లో శనగగింజంత అయ్యారు. ఒక పక్క నలుపు, ఒక పక్క గోధుమ, అంచు చూస్తే గెట్టు తగాదా పడ్డ పొలం. డాక్టరమ్మ స్కేలు పెట్టి 9 మిల్లీమీటర్లంది. 6 దాటినా, రంగులు కలిసినా, అన్నిటికన్నా ముఖ్యంగా మారుతూ పోతున్నా ముక్క తీసి చూడాల్సిందేనట. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ఎక్కువగా కొత్తగానే పుడుతుందట, పాత మచ్చల్లోంచి వచ్చేది మూడో వంతు కూడా ఉండదట. మన రంగువాళ్లకు మాత్రం వీపూ ముఖమూ వదిలి అరికాళ్లు, అరచేతులు, గోళ్ల కింద చోటు చూసుకుంటుందట. పాలమూరు ఎండకు అదీ భయపడింది కాబోలు.

సరే, మారావు. ఒక్కసారి నొప్పి పుట్టించలేకపోయావా? తుమ్మముల్లు గుచ్చుకుంటే వాడంతా వినిపించేలా అరిపించే కాలిది! దురద పెట్టలేదు, సలపలేదు. నేను చూడలేని చోట కూర్చుని, నా బరువంతా మోస్తూ, నోరు మూసుకుని పెరిగావు. సాక్సు మీద రక్తపు చుక్క మా అమ్మాయి కంటపడకపోతే ఇంకెన్నాళ్లు దాచేవాడివి?

ఏది తేలినా నిన్ను మొత్తం తీసేస్తామంటున్నారు. రేపు పింఛను కాగితాల దగ్గర చెప్పు విప్పమంటే ఏం చూపించను? కుట్టు చూపించి, ఇక్కడ ఉండేవాడండీ అనాలా?

సోమవారం మళ్లీ వస్తాం, ఇద్దరం. అప్పటిదాకా ఉన్నచోటే ఉండు. పైకి పాకకు.

ఇట్లు,
నీ బరువు తెలియకుండా నిన్ను తొక్కినవాడు