జనరేటర్ గారికి ఫిడేలు మాస్టారి విన్నపం

మహారాజశ్రీ జనరేటర్ గారి సముఖమునకు, విజయనగరం నుంచి ఫిడేలు మాస్టారు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగనక్కర్లేదు. మీరు బతికున్న సంగతి నాలుగు వీధుల అవతలికి కూడా వినిపిస్తూనే ఉంటుంది.

నన్ను మీరు గుర్తుపట్టకపోవచ్చు. దసరాకి మా వీధి పందిట్లో పాట కచేరీ జరిగిందే, గాయని గారికి ఎడమ పక్కన కూర్చున్నవాణ్ణి. మీరు పందిరి వెనకాల వేపచెట్టు కింద కొలువుదీరి ఉన్నారు. ఆయుధపూజ చేసినట్టున్నారు, మీ నుదుటన కుంకుమబొట్టు, మెడలో మూరెడు బంతిపూల దండ. నాకు శాలువా కప్పారు, దండ మాత్రం మీకే పడింది. మా ముగ్గురికీ కలిపి ఇచ్చిన సంభావన కంటే మీ అద్దె, మీ డీజిలు ఎక్కువని కోశాధికారే చెవిలో చెప్పాడు. అసూయ పడటం లేదు. కచేరీలో ప్రధాన విద్వాంసులు ఎవరో ఆ లెక్కతో నాకు తెలిసొచ్చింది, అంతే.

అసలు విషయానికి వస్తాను. గాయని గారిది ఐదు శ్రుతి, అంటే ఆవిడ ఆధార షడ్జమం, ‘స’, హార్మోనియం మీద ఐదో తెల్లమెట్టు. దాని పక్క నల్లమెట్టు ఐదున్నర. ఫోనులో తంబురా పెట్టుకున్నాం, నేను తీగలు సవరించుకున్నాను, అంతా బాగుంది. ఆలాపన మొదలైంది. రెండు నిమిషాలకే నా చెవిలో ఏదో పురుగు దూరినట్టు అయింది. నా వేలు నా మాట వినకుండా షడ్జమం దగ్గర కాస్త పైకి జారిపోతోంది. గాయని గారు నా వైపు ఒకసారి చూశారు. పాటకచేరీల్లో ఆ చూపు అర్థం ఏమిటో ఫిడేలు వాయించేవాళ్ళని అడగండి, చెబుతారు. రెండోసారి చూసేసరికి నాకు చెమట పట్టింది.

మృదంగం ఒంటరిగా వాయించే తని ఆవర్తనం వచ్చాక (మృదంగం పిల్లాడు దయతో చాలాసేపే వాయించాడు) నా శిష్యుడి ఫోనులో శ్రుతి చూపించే యాప్ తెరిపించి స్పీకరు పక్కన పెట్టించాను. దొంగ దొరికాడు. స్పీకర్లలోంచి సన్నగా వస్తున్న మీ గుంజారవం! మీ కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, స్పీకర్లలో అది 50 దగ్గర, 100 దగ్గర హమ్‌గా వినిపిస్తుంది. మా ఐదు శ్రుతి, అదే కింది స్థాయిలో, 49 దగ్గర, 98 దగ్గర ఉంటుంది. అంటే మీరు ఐదుకి కాస్త పైన, ఐదున్నరకి బాగా కింద కూర్చుని మాతో సమానంగా షడ్జమం పట్టుకుని ఉన్నారు. వేదిక మీద పాటతో పాటు స్వరం పలికే పక్కవాద్యం నేనొక్కణ్ణే అనుకున్నాను. నాకొక తోడు ఉన్నాడనీ, తోడు నా కంటే గట్టిగా వాయిస్తాడనీ నాకెవరూ చెప్పలేదు.

ఇంతలో ఒక చిత్రం జరిగింది. కమిటీవాళ్ళు అతిథి వస్తున్నాడని ఆర్చీ లైట్లు, సీరియల్ సెట్లు, ఫోకస్ లైట్లు అన్నీ ఒక్కసారిగా వేశారు. మీ మీద బరువు పడింది, మీరు మూలిగారు, 50 కాస్తా 49కి జారింది. యాప్‌లో ముల్లు మధ్యకొచ్చి ఆగింది. అచ్చంగా ఐదు శ్రుతి! అతిథి ఉన్న ఇరవై నిమిషాలూ నా జీవితంలో అంత శుద్ధంగా ఎప్పుడూ వాయించలేదు. ఆయన వెళ్ళగానే లైట్లు తీశారు, మీరు మళ్ళీ శ్రుతి తప్పారు.

కచేరీ అయ్యాక మిమ్మల్ని చూసుకునే అబ్బాయి దగ్గరికి వెళ్ళాను. కాసేపు ఆపి ఉంటే ఏం పోయేది బాబూ అన్నాను. "ఆపీమంటారేటి మాస్టారూ! లైట్లు పోతే జనం పోరా?" అన్నాడు. ఎంత తాగుతుందని అడిగితే గంటకి పదిహేను లీటర్ల దాకా అన్నాడు. ఆ సాయంత్రం ఆరు గంటలు తిరిగారు, అంటే తొంభై లీటర్లు. లీటరు డీజిలు కాలితే రెండున్నర కిలోలకు పైనే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే ఒక త్యాగరాజ పంచరత్నానికీ, రెండు దేవీ కృతులకీ, ఒక మంగళానికీ కలిపి రెండు వందల కిలోల పైచిలుకు పొగ. ఇంతా చేసి మా సంగీతానికి కావలసింది రెండు స్పీకర్లు, నాలుగు మైకులు. ఒక ఇంట్లో ఏసీ తినేంత కరెంటు చాలు. మిగతాదంతా ఆర్చీది.

మరి 125 కేవీఏ (మీ సామర్థ్యం కొలత) అంత పెద్దది ఎందుకు తెచ్చారయ్యా అంటే, పక్క వీధివాళ్ళు 62 తెచ్చారట. పెద్దది తెచ్చి తక్కువ పని చెబితే మీకూ మంచిది కాదు, ఆ అబ్బాయే చెప్పాడు. సరిగా కాలని డీజిలు మసిలా పేరుకుని పొగగొట్టంలోంచి నల్లగా కారుతుందట. ఏనుగుని తెచ్చి తులసికోటకి నీళ్ళు పోయించినట్టుంది వ్యవహారం.

ఇంకో మాట చెబితే నవ్వుతారు. మీరు నిలబడ్డ వేపచెట్టుకి పదడుగుల దూరంలో కరెంటు స్తంభం ఉంది. ఆ రాత్రంతా ఊళ్ళో కరెంటు పోలేదు. మా ఇంట్లో ఫ్రిజ్ తిరుగుతూనే ఉంది. తాత్కాలిక కనెక్షన్‌కి దరఖాస్తు పెట్టి, డిపాజిట్ కట్టి, మీటరు వేయించుకోవాలి. అది ముందు వారమే చేయాలి. మా కమిటీలో ముందు వారం చేసే పని చందాలు ఒక్కటే. స్తంభం మీద కరెంటు కూడా చాలావరకు బొగ్గుదే కదా అని మీరు అడగొచ్చు. నిజమే. కానీ ఆ పొగ మా పందిట్లో ముందు వరసలో కూర్చున్న ముసలమ్మల ముక్కులోకి రాదు, స్తంభం మీలా వెనకాల గుర్రుమనదు.

మీకు ఈ ఊరి సంగతి తెలియదు గాబట్టి చెబుతున్నాను. 1919లో ఇక్కడ మహారాజా వారి సంగీత కళాశాల పెట్టినప్పుడు తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. గజ్జె కట్టి, చిడతలు పట్టి ఆయన హరికథకి నిలబడితే వెనక వరసకి వినిపించడానికి ఆయన గొంతే చాలు. ఫిడేలుకి ద్వారం వెంకటస్వామినాయుడు గారు. 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. నారాయణదాసు గారు కథ ఎత్తుకున్నప్పుడు మీరు వెనకాల గుర్రుమంటే ఏమనేవారో ఊహించుకుంటేనే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. ఆయన నోటికి ఎదురు నిలిచినవాడు లేడు మరి.

అంత వెనక్కి ఎందుకు, దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం చూడండి. ఊరికి ఊరే మూడు లాంతర్ల కూడలి దగ్గర ఉంటుంది. అంత పొడవు చింతమాను, దాని చివర ఆసనంలో పూజారి గారు, గుడి నుంచి కోట దాకా మూడుసార్లు. లాగేది జనం. ఆ రోజుకి అసలైన వేడుకలో మీ పాత్ర లేదు, గమనించారా? (చింతచెట్టు కొట్టడం మాటేమిటి అంటారా? ఒక చెట్టుకి జవాబు చెప్పుకోవాలి, ఒప్పుకుంటాను. ఆ పూట చుట్టూ వాడి పారేసిన నీళ్ళ ప్యాకెట్లకి ఎవరు చెప్పుకుంటారో నాకు తెలియదు.)

నెపమంతా మీ మీదే వేస్తున్నానని బాధపడకండి. విదేశాల్లో కోల్డ్‌ప్లే అనే పాటల బృందం 2022లో మొదలుపెట్టిన కచేరీల యాత్రలో బ్యాటరీలు పెట్టుకున్నారు, జనం గెంతితే, సైకిలు తొక్కితే కరెంటు పుట్టే ఏర్పాట్లు చేశారు. వెనకటి యాత్రతో పోలిస్తే 59 శాతం కార్బన్ తగ్గించామని 2024లో లెక్క చెప్పారు. మెచ్చుకోవాల్సిందే. అయితే పాట వినడానికి జనం చేసిన ప్రయాణం ఆ లెక్కలోకి రాదు. పెద్ద కచేరీల్లో ఎక్కువ పొగ అక్కడే. ఆ సంవత్సరమే ఇంగ్లండులోని బ్రిస్టల్లో మాసివ్ అటాక్ అనే ఇంకో పాటల బృందం వాళ్ళు మీ జాతివాళ్ళని మైదానంలోకి రానీయకుండా బ్యాటరీలతో కచేరీ చేశారు. పైగా కార్లకి పార్కింగే పెట్టకుండా ప్రత్యేక రైళ్ళు వేయించారు.

ఇక మా సంగతి. గాయని గారు చెన్నై నుంచి విశాఖకి విమానంలో వచ్చి, అక్కడి నుంచి ఒక్కరే పెద్ద కారులో వచ్చారు. చెన్నై నుంచి హౌరా వెళ్ళే రైళ్ళు మా విజయనగరం జంక్షన్ మీదుగానే పోతాయి. నేను? రెండు వీధుల దూరానికి కారు తీశాను. ఫిడేలు పెట్టె బరువని చెప్పాను. పెట్టె బరువు లేదు, కొత్త కారు అందరూ చూడాలని.

మీ పక్కన నిలబడ్డ ఫ్లెక్సీ గారికి కూడా నా నమస్కారాలు చెప్పండి. 2022 జూలై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ నిషేధం వచ్చినప్పుడు పీవీసీ బ్యానర్లు కూడా జాబితాలో ఉన్నాయి, కాకపోతే 100 మైక్రాన్ల కంటే పల్చనివి మాత్రమే. ఫ్లెక్సీ గారు బతికిపోయారు. తోలు మందంగా ఉంటే మా దగ్గర ఎవరైనా బతికిపోతారు. ఆ రోజు నా ఫొటో మూడో వరసలో, చందాదారుల కింద, సగం తెగి ఉంది. ఇప్పుడది ఎవరింటి మేకల పాక మీదో కప్పి ఉందని విన్నాను. ఎండకీ వానకీ పనికొస్తున్నానన్నమాట.

ప్రసాదం ప్లాస్టిక్ పూత ప్లేట్లలో పెట్టారు. సీతంపేట వైపు గిరిజనులు అడ్డాకులతో కుట్టిన విస్తర్లు ఉన్నాయి కదా, అవి తెప్పిద్దాం అంటే "అవి ఫొటోలో బాగోవు మాస్టారూ" అన్నారు.

కాబట్టి నా విన్నపం ఏమిటంటే, వచ్చే దసరాకి మీరు దయచేసి సెలవు పెట్టండి. పెళ్ళిళ్ళ సీజన్లో మీకు పనికి లోటుండదు. కచేరీకి స్తంభం నుంచి వైరు లాగుదాం. నేను నడిచి వస్తాను. గాయని గారికి రైలు టికెట్టు నేనే తీస్తాను. దరఖాస్తు ఫారం ఇప్పటికే తెచ్చి, నింపి, ఫిడేలు పెట్టెలో కమానుకి రాసే రోజిన్ డబ్బా పక్కన పెట్టుకున్నాను. అధ్యక్షుడి సంతకం ఒక్కటే మిగిలింది.

ఇట్లు,
ఐదుకీ ఐదున్నరకీ మధ్య ఇరుక్కున్న
మీ పక్కవాద్యం.

తా.క.: నిన్న కమిటీ మీటింగులో శ్రుతి సంగతి మొత్తం వివరంగా చెప్పాను. శ్రద్ధగా విన్నారు. లైట్లన్నీ వెలిగినప్పుడు శ్రుతి సరిగ్గా కలిసిందన్న మాట అధ్యక్షుడికి బాగా నచ్చింది. వచ్చే ఏడు కచేరీ జరిగినంతసేపూ వెలిగేలా ఇంకో నలభై ఫోకస్ లైట్లకి తీర్మానం చేశారు. మిమ్మల్ని ఇప్పుడే బుక్ చేసేశారు. అడ్వాన్స్ కూడా అందే ఉంటుంది.