రోగి వద్దంటే ఆగిపోయే పాట

ఆసుపత్రిలో చేరిన మనిషికి వద్దు అనే అవకాశం పెద్దగా ఉండదు. తెల్లవారకముందే రక్తం తీయడానికి వస్తే చెయ్యి చాపాలి. ఉప్పు లేని కూర తినాలి. వార్డులో టీవీ ఉంటే ఎవరో పెట్టిన ఛానెల్ చూడాలి, పక్క మంచం దగ్గరి ఫోను మాటలన్నీ వినాలి. అమెరికాలోని కొన్ని ఆసుపత్రుల్లో, హాస్పైస్‌లలో (చివరి దశలో ఉన్న రోగులను చూసుకునే చోట్లు) మాత్రం ఒళ్లో పట్టేంత చిన్న హార్ప్ అనే తీగల వాయిద్యంతో గుమ్మం దగ్గర నిలబడి "కాసేపు వాయించమంటారా?" అని అడిగే మనిషి కనిపిస్తారు. వద్దంటే మారుమాట లేకుండా వెళ్లిపోతారు. మాట్లాడలేని స్థితిలో ఉన్నవారి దగ్గరైతే ముఖం చూసి, ఊపిరి చూసి, కనుబొమలు ముడిపడుతున్నాయేమో చూసి వాయించాలో మానాలో నిర్ణయించుకుంటారు.

సంగీతానికి రోగాలు తగ్గించే శక్తి ఉందా అన్న చర్చ మనకు కొత్త కాదు. అది ఎప్పుడూ రాగం చుట్టూనే తిరుగుతుంది. ఏ రాగానికి ఏ గుణం, ఏ జబ్బుకు ఏ రాగం అన్నదే అందులో ప్రశ్న. మంచం పక్కన సంగీతంలో రాగం కన్నా ఎక్కువగా పనిచేసేది ఆ అడగడం, ఆ చూడడం, అవసరమైతే ఆపేయడం అని నా వాదన. ఇది ఒప్పుకుంటే మన ఆసుపత్రుల్లో, వృద్ధాశ్రమాల్లో సంగీతం పేరుతో జరుగుతున్న పనుల్లో చాలావాటిని మార్చుకోవలసి వస్తుంది.

ముందు ఈ పని చేసేవారి గురించి. అమెరికాలో ఇందులో రెండు వర్గాలున్నాయి. ఒకటి మ్యూజిక్ థెరపిస్టులు. మిషిగన్ స్టేట్ కాలేజీలో (ఇప్పుడది విశ్వవిద్యాలయం) 1944లోనే దీనికి డిగ్రీ కోర్సు మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికులకు ఆసుపత్రుల్లో సంగీతం వినిపించిన అనుభవం ఈ విద్యను ముందుకు నడిపింది. వీరు రోగిని పరీక్షించి ఒక లక్ష్యం పెట్టుకుంటారు. పక్షవాతంతో మాట పడిపోయినవారికి పాట సాయంతో మాట తెప్పించడం, తడబడే అడుగుకు తాళం ఇవ్వడం వంటివి చేస్తూ, ఎంత మెరుగుపడ్డారో నమోదు చేస్తారు. రెండో వర్గం మంచం పక్కన కూర్చుని వాయించే సంగీతకారులు. 1994లో మొదలైన మ్యూజిక్ ఫర్ హీలింగ్ అండ్ ట్రాన్సిషన్ ప్రోగ్రామ్ వంటి సంస్థలు వీరికి శిక్షణ, ధ్రువపత్రం ఇస్తాయి. వీరి దగ్గర లక్ష్యాల పట్టిక ఉండదు. ఆ ఘడియలో ఆ ఒక్క మనిషికి కాస్త ఊరట కలిగితే పని అయినట్టే. మోంటానా రాష్ట్రంలోని మిసూలాలో 1992 నుంచి థెరీస్ ష్రోడర్-షెకర్ మరణశయ్య దగ్గర హార్ప్‌తో, గాత్రంతో కూర్చోవడాన్ని ఒక విద్యగా తీర్చిదిద్దారు. 2000లో కాలిఫోర్నియాలో కేట్ మంగర్ మొదలుపెట్టిన థ్రెషోల్డ్ క్వయర్ సభ్యులు ఇద్దరు ముగ్గురుగా వెళ్లి చివరి రోజుల్లో ఉన్నవారి పక్కన మెల్లగా పాడి వస్తారు. బ్రిటన్‌లోనైతే ఆసుపత్రులకు సంగీతకారులను పంపే సంస్థ 1948 నుంచే ఉంది.

వీరి శిక్షణలోని నియమాలు మన కచేరీ అలవాట్లకు దాదాపు తలకిందులు. చప్పట్లు ఆశించకూడదు. తన ప్రావీణ్యం చూపకూడదు. కచేరీలో ముందు వరసలోని పెద్దమనిషి కునుకు తీస్తే గాయకుడికి అవమానం. ఇక్కడ రోగి నిద్రలోకి జారుకుంటే అంతకన్నా మంచి ఫలితం లేదు. శ్రోత స్థితి ఎలా ఉంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలన్నది మరో నియమం. 1940లలో ఐరా ఆల్ట్‌షులర్ అనే అమెరికన్ మానసిక వైద్యుడు దీన్ని సూత్రంగా చెప్పాడు. ఆందోళనతో ఊపిరి వేగంగా ఆడుతున్న మనిషికి నేరుగా విలంబకాలంలో పాడితే అంటదు. ఆ వేగం దగ్గరే అందుకుని, కాలాన్ని కొద్దికొద్దిగా తగ్గిస్తూ కిందికి తీసుకురావాలి.

అన్నిటికన్నా ఆసక్తికరమైనది చనిపోతున్నవారి దగ్గర పాటించే పద్ధతి. అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు ఉన్నవారికి యవ్వనంలో విన్న పాటలే వాయిస్తారు, ఎందుకంటే పేర్లు, ముఖాలు మరిచిపోయాక కూడా ఆ పాటలు చాలాకాలం నిలిచి ఉంటాయి. ప్రాణం పోయే దశలో మాత్రం తెలిసిన పాటలకు దూరంగా ఉంటారు. తెలిసిన పాట మనిషిని జ్ఞాపకాల వైపు, తన వాళ్ల వైపు గుంజుతుందని, ఆ సమయంలో అలా గుంజకూడదని వారి నమ్మకం. అందుకని తాళం లేని, ముందు ఏం వస్తుందో ఊహించనక్కరలేని స్వరాలను రోగి ఊపిరిని అనుసరిస్తూ వాయిస్తారు. ఊపిరి ఆగి ఆగి వస్తుంటే స్వరమూ ఆగి ఆగి వస్తుంది. పాశ్చాత్య సంగీతం నేర్చినవారికి ఇది కష్టపడి అలవరచుకోవలసిన విద్య, కొలతలకు లోబడి వాయించడం చిన్నప్పటి నుంచీ వారికి అలవాటు. కర్ణాటక సంగీతం నేర్చిన పిల్లవాడికి ఇది చేతిలో ఉన్న పనే. ఆలాపన అంటే అదే కదా. తాళం లేదు, సాహిత్యం లేదు, ఎక్కడ కావాలంటే అక్కడ నిలిచి ఊపిరి తీసుకోవచ్చు. ఇంత చక్కగా అమరిన సాధనాన్ని పెట్టుకుని ఆసుపత్రి సంగీతం అనగానే మనం రికార్డుల కోసం వెతుకుతాం.

తెలిసిన పాట ప్రమాదం ఎలాంటిదో తెలుగువారికి ఒక్క ఉదాహరణతో చెప్పవచ్చు. ఘంటసాల గానం చేసిన భగవద్గీత. అది అపురూపమైన గానం, అందులో సందేహం లేదు. కానీ మన ఊళ్లలో అది ఎక్కువగా వినిపించేది చావు జరిగిన ఇంటి ముందు, అంతిమయాత్ర వాహనంలో. మంచాన పడ్డ పెద్దాయనకు ప్రశాంతంగా ఉంటుందని ఇంట్లోవాళ్లు మంచి మనసుతోనే ఫోనులో అది పెడితే, ఆయనకు అందే కబురు మరొకటి కావచ్చు. జీవితమంతా రోజూ గీత చదువుకున్న ఆమెకైతే అదే పెద్ద ధైర్యం కావచ్చు. ఎవరికి ఏది అన్నది పట్టికలో దొరకదు. పెట్టి, ఆ ముఖం చూడాలి.

అందుకే వాట్సాప్‌లో తిరిగే రాగాల జాబితాలంటే నాకు చిరాకు. రక్తపోటుకు ఒకటి, మధుమేహానికి ఒకటి, నిద్రలేమికి ఒకటి అంటూ రాగాలను మందుల చీటీలా రాసి పంపుతారు. ఒకే రాగంలో జోలపాటా ఉంటుంది, దుందుడుకు తిల్లానా ఉంటుంది. ఏ శ్రుతిలో, ఏ కాలంలో, ఎంత గొంతుతో, ఎవరికి పాడారన్నది వదిలేసి రాగం పేరు ఒక్కటే చెబితే ఏం చెప్పినట్టు? సంగీతానికి మర్యాద చేస్తున్నామనుకుంటూ దాన్ని మాత్రగా కుదించడం ఇది. పైగా మాత్ర మానేసి రాగం వినేవారు తయారైతే అది ప్రాణాల మీదికి వస్తుంది.

మరి శాస్త్రం ఏమంటోంది? పొంగిపోయేంతా కాదు, తోసిపారేసేంతా కాదు. శస్త్రచికిత్స తర్వాత సంగీతం విన్నవారిలో నొప్పి, ఆందోళన తగ్గాయని, నొప్పి మందుల అవసరం కూడా తగ్గిందని 73 పరీక్షలను కలిపి చూసిన సమీక్ష 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. డిమెన్షియా (అల్జీమర్స్ వంటి మతిమరుపు జబ్బులు) విషయంలో 22 పరీక్షలను పరిశీలించిన 2018 నాటి సమీక్ష, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థది, సంగీతంతో కుంగుబాటు లక్షణాలు కొంత తగ్గవచ్చని, జ్ఞాపకశక్తిపై ప్రభావం మాత్రం పెద్దగా లేదని తేల్చింది. పాట వింటే మతిమరుపు పోతుందని చెప్పేవారిని నమ్మనక్కరలేదన్నమాట. నెలలు నిండకుండా పుట్టిన 272 మంది శిశువులపై అమెరికాలోని 11 ఆసుపత్రుల్లో జోఆన్ లోవీ బృందం చేసిన పరిశోధన 2013లో వెలువడింది. తల్లిదండ్రులకు ఇష్టమైన పాటనే జోలగా మలిచి, శిశువు ఊపిరికి, గుండె లయకు అనుగుణంగా అప్పటికప్పుడు పాడినప్పుడు గుండె వేగం, నిద్ర, పాలు తాగడం వంటి వాటిలో మేలు కనిపించింది. అదే సంగీతం తల్లిదండ్రుల ఆందోళననూ తగ్గించింది.

ఇక్కడ ఒక గట్టి ప్రశ్న వస్తుంది. శస్త్రచికిత్స రోగులకు రికార్డు చేసిన సంగీతమే మేలు చేస్తున్నప్పుడు మనిషే వచ్చి పాడాలా? ఆపరేషన్ అయిన మనిషికి హెడ్‌ఫోన్ చాలు, నేను ఒప్పుకుంటాను. తన పాట తాను ఎంచుకోగలడు, విసుగొస్తే తీసి పక్కన పెట్టగలడు. డిమెన్షియా ముదిరిన వారు ఈ రెండూ చేయలేరు. అమెరికాలో 2010లో డాన్ కోహెన్ స్థాపించిన మ్యూజిక్ అండ్ మెమరీ సంస్థ నర్సింగ్ హోమ్‌లలో వృద్ధులకు ఐపాడ్‌లలో వారి పాటలు నింపి ఇచ్చింది. (నర్సింగ్ హోమ్ అంటే అక్కడ దీర్ఘకాలం సంరక్షణలో ఉండేవారి నివాసం, మన వీధి చివరి ప్రైవేటు ఆసుపత్రి కాదు.) పాట చెవిన పడగానే కళ్లు వెలిగిన వృద్ధుల వీడియోలు ప్రపంచమంతా చూసింది. ఆ పద్ధతిని తర్వాత 54 నర్సింగ్ హోమ్‌లలో పరీక్షించినప్పుడు, సిబ్బందిని అడిగి కొలిచిన చిరాకు, అలజడి మాత్రం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. వీడియోలు అబద్ధమని దీని అర్థం కాదు. పరికరం చేతికిచ్చినంత మాత్రాన సరిపోదు, సరైన సమయంలో సరైన పాట పెట్టి పక్కన ఉండి గమనించే మనిషి కావాలి. పనిభారంతో నలిగే ఆయాకు ఆ తీరిక ఎక్కడిది?

జ్యూరిక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2024లో ప్రచురించిన ప్రయోగం ఈ తేడాను మెదడులోనే పట్టుకుంది. స్కానర్‌లో ఉన్న శ్రోతల మెదడులో భావోద్వేగాలకు సంబంధించిన అమిగ్డలా స్పందనను చూస్తూ పియానో కళాకారులు తాము వాయించే తీరును అప్పటికప్పుడు మార్చుకున్నారు. రికార్డు విన్నప్పటి కంటే అలా విన్నప్పుడు ఆ స్పందన బలంగా, నిలకడగా ఉంది. అది ఆరోగ్యవంతుల మీద చేసిన ప్రయోగం, దాన్ని నేరుగా రోగులకు అన్వయించడం తొందరపాటే. అయినా శ్రోతను గమనిస్తూ వాయించడంలో ఉన్న బలం ఏమిటో అది చూపుతుంది.

మన దగ్గరి దృశ్యం వేరు. వృద్ధాశ్రమంలో సంగీతం అంటే పుట్టినరోజుకో పండుగకో వచ్చే బృందం, రెండు పెద్ద స్పీకర్లు, మైకు, వరసగా ప్లాస్టిక్ కుర్చీలు. పెద్దవాళ్లను గదుల్లోంచి తెచ్చి కూర్చోబెడతారు. రెండు గంటల సినిమా పాటల తర్వాత పండ్లు పంచి, ఫొటోలు దిగి వెళతారు. వచ్చినవారి మంచితనాన్ని నేను తప్పుపట్టను. కొందరు వృద్ధులు నిజంగానే సంబరపడతారు. కానీ వినికిడి యంత్రం పెట్టుకున్న చెవికి ఆ స్పీకర్ ఎంత హింసో ఎవరూ అడగరు. లేచి రాలేని వారి గదికి ఎవరూ వెళ్లరు. ఆసుపత్రి వార్డులో శబ్దం 30 డెసిబెల్స్ దగ్గర ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతాయి. అది దాదాపు గుసగుస స్థాయి. మానిటర్ల కూతలు, ట్రాలీల చప్పుడు, సందర్శకుల మాటల మధ్య మన వార్డులు ఆ దరిదాపుల్లో కూడా ఉండవు. అక్కడికి మరో శబ్దాన్ని తీసుకెళ్లేవారు అది భారం కాకుండా చూసుకోవాలి.

పిల్లలతో అమెరికా వెళ్లి అక్కడే వృద్ధాప్యం గడుపుతున్న తెలుగువారి సంగతి ఇంకొంచెం క్లిష్టం. డిమెన్షియాలో తర్వాత నేర్చుకున్న భాష ముందుగా జారిపోవడం తరచూ కనిపిస్తుంది. ఇంగ్లిషు పోయాక మిగిలిన తెలుగు ఆ నర్సింగ్ హోమ్‌లో ఎవరికీ అర్థం కాదు. హార్ప్ వాయించే ఆమె ఎంత మంచిదైనా ఆ అమ్మమ్మ అత్తవారింట్లో పాడిన మంగళహారతి ఆమెకు తెలియదు. అక్కడి తెలుగు కుటుంబాల పిల్లలకు వారం వారం సంగీతం నేర్పే గురువులు ఎందరో ఉన్నారు. ఏటా వేసే ఆరాధనోత్సవాల పందిళ్లతో పాటు ఈ గదులు కూడా వారి దృష్టికి రావాలి.

ఖర్చు ఎవరు భరించాలన్నదే చివరికి అసలు చిక్కు. అమెరికాలో మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా సొమ్ముతో నడిచే హాస్పైస్‌లలో, రోగుల సంరక్షణకు పట్టే మొత్తం గంటల్లో కనీసం 5 శాతానికి సమానమైన సేవ స్వచ్ఛంద సేవకుల నుంచి రావాలన్న నిబంధన ఉంది. పాడగలిగినవారు లోపలికి రావడానికి అదొక దారి. మన 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమాన్ని, అందులో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటును ప్రస్తావించింది. వారి తిండి, వైద్యమే సరిగా అందని చోట సంగీతం గురించి మాట్లాడడం విడ్డూరమని కొందరంటారు. నేనలా అనుకోను. తంబురకు బదులు ఒక శ్రుతి పెట్టె, శుభ్రంగా కడుక్కున్న చేతులు, వినయం ఉన్న గొంతు. దీనికి కావలసిన సామగ్రి ఇంతే.

శిక్షణ ఇవ్వడానికి కొత్త సంస్థ కూడా అక్కరలేదు. 1919లో ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్‌గా మొదలైన విజయనగరం సంగీత కళాశాల ఉంది, విజయవాడలో, హైదరాబాద్‌లో ప్రభుత్వ కళాశాలలున్నాయి. గాత్రం, వేణువు, వీణ, వయొలిన్ నేర్చిన విద్యార్థులకు చివరి ఏడాదిలో ఒక ఐచ్ఛిక పాఠంగా దీన్ని పెట్టవచ్చు. అంటువ్యాధుల జాగ్రత్తలు, మానిటర్ మీద అంకెలు చదవడం, నర్సు మాట వినడం, ఎప్పుడు ఆపాలో తెలుసుకోవడం నేర్పాలి. నయం కాని జబ్బులున్నవారికి బాధ తగ్గించే పాలియేటివ్ కేర్ కేంద్రాల్లో కొన్ని వారాలు సీనియర్ నర్సుల పర్యవేక్షణలో పనిచేయించాలి. ఆ తర్వాత గంటల లెక్కన అయినా సరే, డబ్బు ఇవ్వాలి. ఉచిత సేవ మీదే నడిపితే తీరిక, సంపాదన ఉన్నవారే వస్తారు. పెళ్లిళ్ల సీజను ముగిశాక చేతిలో పని లేక కూర్చునే వృత్తి కళాకారులు రాలేరు. నాదస్వరాన్ని వార్డులోకి తేలేం, నిజమే. కానీ ఆ విద్వాంసులు చిన్నప్పుడు ముందుగా నేర్చుకునేది గాత్రమే. అందులోనూ ఆలాపన వారికి కొట్టిన పిండి.