‘పోకర్‌లో 45 కోట్ల లాభం’ ఫార్వర్డ్‌లో లెక్క ఎక్కడ తప్పింది

విశాఖ వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ చేతులు మారుతూ తిరుగుతోంది. క్లుప్తంగా అందులో ఉన్నది ఇదీ: “మనవాడొకడు లాస్‌వేగాస్‌లో పేకాడి 45 కోట్లు లాభం తెచ్చుకున్నాడు. అక్కడ పదివేల మంది ఆడితే పదిహేను వందల మందికి డబ్బులొస్తాయి, ఏడుగురిలో ఒకరికి గ్యారంటీ. బయటి దేశంలో గెలిచినదానికి ఇక్కడ పన్ను లేదు. రమ్మీ వచ్చినవాడికి పోకర్ ఎంత, సుప్రీంకోర్టే ఓకే అంది. మూడు వేలతో ఫోన్‌లోనే మొదలుపెట్టొచ్చు.” చివర ఒక యాప్ లింకు. పైనున్న ఊరింపంతా ఆ లింకు కోసమేనని తెలుస్తూనే ఉంది. కాకపోతే ఇందులో ప్రతి మాటకీ ఎక్కడో ఒక నిజం ముక్క అతికించారు. నమ్మేవాళ్లు నమ్ముతున్నది ఆ ముక్కని చూసే.

“45 కోట్లు లాభం.” గెలుపు నిజమే. లాస్‌వేగాస్‌లో ఏటా జరిగే పోకర్ పోటీల పండగ వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్‌లో, 2024లో సూపర్ హై రోలర్ ఈవెంట్‌ను బెంగళూరుకు చెందిన సంతోష్ సువర్ణ గెలిచారు. బహుమతి 54,15,152 డాలర్లు, అప్పటి మారకంలో 45 కోట్ల పైచిలుకు. ఫార్వర్డ్ మింగేసిన సంగతి ఏమిటంటే, ఆ ఈవెంట్‌లో కూర్చోవడానికి కట్టాల్సిన బై-ఇన్ 2,50,000 డాలర్లు, అంటే రెండు కోట్ల రూపాయలు దాటింది. వచ్చినవి 75 ఎంట్రీలు.

ఈ ‘ఎంట్రీలు’ అన్నచోట కాస్త ఆగాలి. రీ-ఎంట్రీ ఉన్న ఈవెంట్లలో చిప్స్ (టేబుల్ మీద డబ్బుకు బదులు వాడే బిళ్లలు) పోగొట్టుకున్నవాడు మళ్లీ పూర్తి బై-ఇన్ కట్టి కూర్చోవచ్చు. అలా ఒకే మనిషి రెండు ఎంట్రీలవుతాడు. ఫలితాల పట్టికలో మాత్రం అతని పేరు ఒక్కసారే, వచ్చిన బహుమతి పక్కనే కనిపిస్తుంది. రెండోసారి కట్టిన డబ్బు ఎక్కడా కనపడదు.

పోకర్ ఫలితాలు నమోదు చేసే హెండన్ మాబ్ లాంటి డేటాబేస్‌లలో ఆటగాడి పేరు పక్కన కనిపించే ‘మొత్తం సంపాదన’ కూడా ఇంతే. డబ్బొచ్చిన ఈవెంట్ల మొత్తమే అందులో కూడుతుంది, ఉత్తచేతులతో లేచొచ్చినవి లెక్కలోకే రావు. మన ఫిషింగ్ హార్బర్‌లో వేలంలో పలికిన ధర విని, డీజిల్, ఐసు, కళాసీల వాటా తీయకుండా అదంతా బోటు ఓనరు జేబులో పడిందనుకుంటే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంటుంది. ఖర్చు ఎంత ఉంటుందో చూడాలంటే డేనియల్ నెగ్రాను బయటపెట్టిన లెక్కే చాలు. 2017లో ఆయన టోర్నమెంట్లలో గెలుచుకున్నది దాదాపు 28 లక్షల డాలర్లు. బై-ఇన్‌లు తీసేస్తే ఆ ఏడాది మిగిలింది దాదాపు 86 వేల డాలర్ల నష్టం. ప్రపంచంలో అందరికీ తెలిసిన ఆటగాళ్లలో ఒకడు, పట్టికలో చూస్తే బ్రహ్మాండమైన ఏడాది.

గెలిచిన డబ్బు ఎవరిదన్నది ఇంకో ప్రశ్న. పెద్ద బై-ఇన్‌లు చాలామంది ఒంటరిగా కట్టరు. వాటాలు అమ్ముతారు, తోటి ఆటగాళ్లతో శాతాలు మార్చుకుంటారు, లేదా వెనక ఒకరు పెట్టుబడి పెడతారు. 2003లో మెయిన్ ఈవెంట్ (వరల్డ్ సిరీస్‌లోని ప్రధాన టోర్నమెంట్) గెలిచిన క్రిస్ మనీమేకర్ 25 లక్షల డాలర్ల చెక్కు అందుకున్నా, సగం వాటా ముందే ఇచ్చేసి ఉన్నాడు. 2006లో కోటీ 20 లక్షల డాలర్లు గెలిచిన జేమీ గోల్డ్‌పై, సగం తనదంటూ ఒకతను కోర్టుకెళ్లాడు. ఆ గొడవ చివరికి రాజీతో తీరింది.

అన్నిటికంటే విచిత్రం 2019లో లండన్‌లో జరిగిన ట్రైటన్ మిలియన్ అనే టోర్నమెంట్. బై-ఇన్ 10,50,000 పౌండ్లు, అందులో 50 వేలు దాతృత్వానికి. 54 మంది ఆడారు. చివరి ఇద్దరూ చిప్స్‌ను బట్టి డబ్బు పంచుకునే డీల్ చేసుకున్నాక ఆట ముగించారు. ట్రోఫీ ఆరన్ జాంగ్‌కి వెళ్లింది, అతని వాటా కోటీ 37 లక్షల పౌండ్ల పైన. రెండో స్థానంలో ఆగిన బ్రిన్ కెన్నీకి కోటీ 68 లక్షల పౌండ్ల పైన. మొదటి స్థానం, మొదటి మొత్తం ఒకరివే కానక్కర్లేదు.

“ఏడుగురిలో ఒకరికి గ్యారంటీ.” ఈ లెక్కను మెయిన్ ఈవెంట్ నుంచి ఎత్తుకొచ్చారు. 2024లో అందులో 10,112 మంది ఆడారు. బై-ఇన్ 10,000 డాలర్లు, రీ-ఎంట్రీ లేదు. ఒక్కొక్కరు కట్టినదాంట్లో 9,300 బహుమతి నిధికి వెళ్తుంది, మిగతా 700 నిర్వహణకూ సిబ్బందికీ. 10,112ను 9,300తో గుణిస్తే 9,40,41,600 డాలర్లు. ప్రకటించిన నిధి సరిగ్గా అంతే. డబ్బు అందిన స్థానాలు 1,517, అంటే 15 శాతం. ఏడుగురిలో ఒకరన్నది ఇక్కడిదాకా సరిపోయింది.

సరిపోనిది గ్యారంటీ. చివరికి ఒకే టేబుల్ (ఫైనల్ టేబుల్) దగ్గర మిగిలిన మొదటి తొమ్మిది మందికి కోటి డాలర్ల నుంచి పది లక్షల దాకా వెళ్లాయి. మొత్తం 3 కోట్ల 12 లక్షల 50 వేలు, నిధిలో మూడోవంతు ఆ ఒక్క టేబుల్‌కే. అట్టడుగు స్థానాలకు దక్కింది 15,000 డాలర్లు, కట్టింది తీస్తే లాభం ఐదు వేలు. సగటు ఆటగాడు ఈ ఈవెంట్ పదిసార్లు ఆడాడనుకోండి. లక్ష డాలర్లు కడతాడు, సగటున ఒకటిన్నర సార్లు డబ్బుల్లోకి వస్తాడు. వచ్చినప్పుడల్లా అట్టడుగునే ఆగితే చేతికి 22,500. విమానం, హోటల్ ఇందులో కలపలేదు. పదిసార్లూ ఒట్టి చేతులతో లేచిపోయే అవకాశం? 0.85ను పదిసార్లు గుణించండి, దాదాపు 20 శాతం వస్తుంది. ఇరవై శాతం సార్లు డబ్బుల్లోకి వచ్చే మంచి ఆటగాడికైనా అది 11 శాతం దగ్గర ఉంటుంది. లాభమంతా ఎప్పుడో ఒకసారి ఫైనల్ టేబుల్ దాకా వెళ్లడంలోనే ఉంది. అంతదాకా తట్టుకునే డబ్బు లేనివాడు ఆట వచ్చినా మధ్యలోనే ఆరిపోతాడు.

“ఇక్కడ పన్ను లేదు.” ఇది పచ్చి అబద్ధం. ఇక్కడ నివాసి అయినవారికి ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయమైనా ఇక్కడి పన్ను పరిధిలోదే. పేకాట గెలుపుపై 30 శాతం, దానిపైన సెస్సు, పెద్ద మొత్తమైతే సర్‌చార్జీ. ఓడిన బై-ఇన్‌లను, టికెట్ ఖర్చును ఇందులోంచి తగ్గించుకోనివ్వరు. అమెరికాలో కూడా విదేశీయుల గెలుపు మీద అక్కడే 30 శాతం పట్టుకుంటారు. ఒప్పందం వల్ల మినహాయింపు ఉన్న దేశాల్లో ఇండియా లేదు. అక్కడ కోసిన పన్నుకు ఇక్కడ క్రెడిట్ అడగొచ్చు. అందుకు కెసినో ఇచ్చే 1042-ఎస్ పత్రం ఉండాలి, విదేశీ పన్ను క్రెడిట్ ఫారం విడిగా దాఖలు చేయాలి. ఆ కాగితం పారేసుకుంటే క్రెడిట్ రాబట్టుకోవడం గగనం.

“సుప్రీంకోర్టే ఓకే అంది.” 1967లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ సత్యనారాయణకీ మధ్య నడిచిన కేసులో కోర్టు చెప్పింది రమ్మీ గురించి. ముక్కలు గుర్తుపెట్టుకుని, ఏది పట్టాలో ఏది వేయాలో తేల్చుకునే నేర్పు అందులో ఉందని, మూడు ముక్కలాటలా పూర్తిగా అదృష్టం కాదని చెప్పింది. పోకర్ ఆ కేసులోనే లేదు. రమ్మీలో చేయి తిరిగినవాడు పోకర్‌లో తడబడేది కూడా ఇందుకే: ఇక్కడ సెట్టు కట్టడం కాదు పని, ఎదుటివాడు ఎంత పందెం కాశాడో చూసి ఎన్ని చిప్స్ పెట్టాలో, ఎప్పుడు ముక్కలు పడేయాలో తేల్చుకోవడం.

“మూడు వేలతో ఫోన్‌లో.” దీనికి మూలం మనీమేకరే. 86 డాలర్ల ఆన్‌లైన్ శాటిలైట్ ఆడి మెయిన్ ఈవెంట్ సీటు సంపాదించాడు. అప్పుడు ఆ ఈవెంట్‌లో ఆడింది 839 మంది. శాటిలైట్ అంటే చిన్న ఎంట్రీలు పోగేసి ఒక పెద్ద సీటు కొనివ్వడం. డాలరు 85 రూపాయలనుకుంటే సీటు ధర ఎనిమిదిన్నర లక్షలు. మూడు వేల చొప్పున కనీసం 284 ఎంట్రీలు పడితే ఒక్క సీటు, నిర్వాహకుడి కమిషన్ తీయకముందు. సీటు దక్కినా హైదరాబాద్ కాన్సులేట్‌లో వీసా రాకపోతే అంతే సంగతులు.

అసలు విశాఖలో కూర్చుని ఆడటమే కుదరదు. 2020లో గేమింగ్ చట్టాన్ని సవరించి రాష్ట్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది, పోకర్, రమ్మీ రెండూ అందులో ఉన్నాయి. ఆడేవారికీ శిక్ష ఉంది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నిర్వాహకులకు మూడేళ్ల జైలు, కోటి రూపాయల జరిమానా దాకా, ప్రకటనలు ఇచ్చేవారికి రెండేళ్లు, 50 లక్షల దాకా పెట్టింది. “లొకేషన్ మార్చే యాప్ వేసుకోండి” అని కొన్ని ఫార్వర్డ్‌లలో ఓ తోక కూడా తగిలిస్తున్నారు. అలా ఆడితే డబ్బు కట్టేటప్పుడు ఎవరూ ఏమీ అడగరు. తీసుకోబోయినప్పుడు ఆధార్, బ్యాంకు ఖాతా అడుగుతారు, ఆంధ్ర చిరునామా బయటపడుతుంది, ఖాతా ఆపేస్తారు. నిషేధం ఉన్న ఆటలో ఇరుక్కున్న డబ్బుకు ఫిర్యాదు ఇవ్వడానికి వెళ్తే ముందు తానెందుకు ఆడాడో చెప్పుకోవాల్సి వస్తుంది.