బడి ఇంట్లో, ఫీజు బయట

మా అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు వాళ్లు అబ్బాయిని బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తారట. హోమ్‌స్కూలింగ్ అట. ఏదో సాహసం చేసినట్టు లిఫ్టులో అందరికీ చెబుతున్నారు. మన ఇళ్లలో ఎల్‌కేజీ నుంచి నడుస్తున్నది మరేమిటో!

మా ఇంట్లో లెక్కలు మా ఆవిడ వాటా, హిందీ మా అత్తగారిది, సైన్స్ ప్రాజెక్టులు నావి. పరీక్షల ముందు వారం టీవీకి కర్ఫ్యూ. బడివాళ్ల పనల్లా మేము చెప్పింది పిల్లకి ఎక్కిందో లేదో పరీక్ష పెట్టి చూడటం, అందుకు టర్ముకోసారి ఫీజు తీసుకోవడం. కాబట్టి మూడో అంతస్తు వాళ్లు చేస్తున్నది విద్యా విప్లవం కాదు, ఫీజు ఎగ్గొట్టడం. ఆ తెలివి మాకు ముందే ఎందుకు రాలేదా అన్నదే నా బాధ.

అయినా చట్టం ఏమంటుందో చూద్దామని తిరగేశాను. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు పొరుగు బడిలో ఉచిత చదువు. ఇంటి బడి ఊసే అందులో లేదు. పొరుగు బడి మా వీధి చివర నిజంగానే ఉంది, మున్సిపల్ హైస్కూలు. మాకు బాగా తెలిసిన చోటే, పోలింగ్ రోజున వెళ్తుంటాం.

అక్కడి మాస్టార్లు బీఈడీ చదివి, టెట్ దాటి, డీఎస్సీ గెలిచి వచ్చినవాళ్లు. అంత చదువున్నవాళ్లను ఉత్త పాఠాలకే వాడితే ఎలా? అందుకే జనాభా లెక్కలకు, ఎన్నికలకు, విపత్తు సహాయానికి పంపొచ్చని 27వ సెక్షన్ వెసులుబాటు ఇచ్చింది. వేరే పనులకు పంపకూడదు. మొన్నమొన్నటిదాకా మరుగుదొడ్ల ఫొటోలు తీసి యాప్‌లో పెట్టించారంటే, అది విపత్తు కింద జమకట్టి ఉంటారు.

సరే, మొన్న ఆదివారం సాయంత్రం బడి నుంచి మెసేజీ: పొద్దున్నే సౌర కుటుంబం నమూనా తేవాలి. థర్మోకోల్ బంతులు తెచ్చి, రంగులేసి, శనికి గాజు తొడిగి తొమ్మిది గ్రహాలూ నిలబెట్టాను. నవగ్రహాలన్నాక తొమ్మిదే కదా. మా ఇంట్లో పనిచేసే ఆవిడ కొడుకు, ఆ మున్సిపల్ బడిలోనే ఎనిమిదో తరగతి, వాళ్లమ్మ కోసం వచ్చి గుమ్మంలో నిలబడి చూశాడు.

"ప్లూటోని 2006లోనే తీసేశారండి."

"ఎవరు చెప్పార్రా?"

"మా సైన్స్ మాస్టారండి."

ఓటర్ల జాబితాలో పేర్లు తీసేసే అలవాటున్న మాస్టారు, ఆ ఊపులో గ్రహాన్నీ తీసేసి ఉంటాడనుకున్నాను. ఎందుకైనా మంచిదని ఫోన్‌లో చూసి, ప్లూటోని పీకేసి, ఆ చోట మా అమ్మాయి పేరు, సెక్షన్ రాసిన చీటీ అంటించాను.

ఎక్సలెంట్ వచ్చింది. ఆ మాస్టారికి మనం ఫీజేమైనా కట్టాలా అని మా ఆవిడ అడుగుతోంది.