గోడ మీద పోషణ, కంచంలో నీళ్లచారు

సెప్టెంబరు వచ్చింది, పోషణ మాసం తంతు మొదలైంది. బడి వరండాలో క్యారెట్, బీట్‌రూట్, తోటకూరలతో ముగ్గు, చుట్టూ చేతులు చాచిన పిల్లలు, ప్రతిజ్ఞ, ఫొటో. 2018 నుంచి ఏటా ఇదే. ఫొటో పై అధికారులకు వెళ్లాక మధ్యాహ్న భోజనం గంట కొడతారు. ముగ్గులో ఉన్న క్యారెట్ చాలాచోట్ల సాంబారులో వెతికినా దొరకదు. ఈ వంచన మీదే మా అభ్యంతరం.

పాఠంలో తప్పు లేదు. శక్తినిచ్చేవి, ఒంటిని పెంచేవి, జబ్బుల నుంచి కాపాడేవి అంటూ ఆహారంలోని మూడు వర్గాలనూ పిల్లలు గడగడా అప్పజెబుతారు. అయోడిన్ చుక్క పడితే పిండిపదార్థం ముదురు నీలానికి తిరుగుతుందనీ రాస్తారు. ఆ ప్రయోగశాలలోనే ఓ త్రాసు కూడా ఉంటుంది. దాన్ని వంటగది దాకా మోసుకెళ్లనివ్వరు, అంతే.

మోసుకెళ్తే ఏం తేలుతుందో చూద్దాం. బడి మధ్యాహ్న భోజన పథకమైన పీఎం పోషణ్ కొలతల ప్రకారం ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఒక్కొక్కరికి 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు, 7.5 గ్రాముల నూనె పడాలి. అప్పుడే 700 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు. 200 మంది తినే రోజున 6 కిలోల పప్పు, 15 కిలోల కూరగాయలు ఉడకాలి. మూడు కిలోల కందిపప్పు వేసి మిగతాది నీళ్లతో నింపితే గరిటె మారదు, కంచమూ నిండినట్టే ఉంటుంది. పిల్లవాడికి మాత్రం మూడు గ్రాములకు పైగా మాంసకృత్తులు గల్లంతు. త్వరగా మెత్తబడాలని చిటికెడు వంటసోడా వేస్తే బి1 విటమిన్ కూడా పోతుంది. కూరగాయలు తరిగాక కడిగితే సి విటమిన్ నీళ్లపాలు. ఇవన్నీ వంటమనుషులకు ఒక్క పూటలో నేర్పగలిగినవే.

రక్తహీనత సంగతీ ఇంతే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 15-49 ఏళ్ల మహిళల్లో సగానికి మించి రక్తహీనులే. బడిలో ఐరన్ మాత్ర ఇస్తారు. పరగడుపున మింగితే వికారం పుడుతుంది, మరుసటి వారం ఆ మాత్ర కిటికీ అవతల పడుతుంది. భోజనం అయ్యాక వేసుకోవాలనీ, వెంటనే టీ తాగితే ఇనుము ఒంటికి పట్టదనీ, ఆకుకూర మీద నిమ్మకాయ పిండితే బాగా పడుతుందనీ చెప్పేవారేరీ? ‘ఇనుము లోపిస్తే రక్తహీనత’ అని రాస్తే రెండు మార్కులొస్తాయి కదా, చాలు!

పట్నం బడులది ఇంకో నాటకం. ఏ తిండిలో ఎంత చక్కెర ఉందో చూపే షుగర్ బోర్డులు పెట్టమని 2025 మేలో సీబీఎస్ఈ చెప్పింది. 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో 30 గ్రాములకు పైగా చక్కెర ఉందని ఆ షుగర్ బోర్డు హెచ్చరిస్తుంది. అదే సీసా గేటు పక్క కొట్టు ఫ్రిజ్‌లో చల్లగా ఉంటుంది. కొవ్వు, ఉప్పు, చక్కెర మితిమీరిన తిండిని బడి గేటుకు 50 మీటర్ల లోపు అమ్మకూడదన్నది 2020లో వచ్చిన, ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన. కొలవడానికి టేపు దొరకలేదా?

డబ్బు చాలదన్న వాదన ఉంది. 2025 మే నుంచి వంట ఖర్చు ప్రాథమిక స్థాయిలో రోజుకు తలకు రూ.6.78, ఆపై తరగతులకు రూ.10.17, అదీ బిల్లులు సకాలంలో వస్తేనే. కాదనం. చాలకపోతే చాలదని రాసి పంపండి. చాలని డబ్బుతో నిండుగా పెట్టినట్టు రిజిస్టరు నింపి, పక్క గదిలో సమతుల ఆహారం బోధించడమేమిటి? పుస్తకంలోది పరీక్షకు, కంచంలోది వేరు అని పిల్లలు నేర్చుకునేది ఇక్కడే. ముగ్గుతో నేర్పింది మరచిపోతారేమో కానీ, దీన్ని మరవరు.

రోజూ సరుకులు పిల్లల ఎదుట తూచి, తిన్నవారి సంఖ్యతో భాగించి, నల్లబల్ల మీద రాయించాలి. ఏడో తరగతి లెక్క అది. ఇక తనిఖీకి వచ్చే అయ్యవార్లు హెచ్‌ఎం గదిలో విడిగా తెప్పించిన క్యారియర్ తినడం మానండి. పిల్లల వరుసలో కూర్చుని ఆ పప్పే తినండి. మింగుడుపడకపోతే రిజిస్టరులో సంతకం పెట్టకండి.