మా నాన్న పాసైన కథ

ట్రినిడాడ్ రచయిత వి.ఎస్. నైపాల్ ఇంగ్లీషు నవల ‘ఎ హౌస్ ఫర్ మిస్టర్ బిస్వాస్’ చదవమని ఇక్కడ చెన్నైలో ఉండే తెలుగు స్నేహితుడికిచ్చాను. యాభై పేజీలకే తిరిగిచ్చేశాడు. ఊరు కాని ఊళ్ళో బతికేవాళ్ళ మీద ఈ వెటకారం ఏమిటండీ అని కోపం ఆయనకి.

1961 నాటి నవల. 1845 నుంచి 1917 దాకా మనవాళ్ళని చెరకు తోటల్లో కూలికి వెస్టిండీస్ దీవి ట్రినిడాడ్‌కి ఓడలెక్కించారు కదా, వాళ్ళ పిల్లల కథ. బిస్వాస్ ఆరువేళ్ళతో పుడతాడు. అమ్మానాన్నల్ని మింగేస్తాడంటుంది మంత్రసాని. కాస్త పెద్దయ్యాక వాడు చూసుకోవాల్సిన దూడ కాస్తా చెరువులో మునిగి చస్తుంది. దెబ్బలు పడతాయని వీడు మంచం కింద దూరతాడు. కొడుకే మునిగాడనుకుని తండ్రి చెరువులో దూకి పోతాడు. నేను నవ్వాను. తర్వాత పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను.

నైపాల్ మనిషిగా నాకు నచ్చడు, అది వేరే గొడవ. కానీ బిస్వాస్‌లో ఉన్నది చాలావరకు ఆయన సొంత తండ్రే. కొడుక్కి లేని అభ్యంతరం మీకెందుకండీ?

మన కథల్లో ఊరు దాటితే చాలు, వేపచెట్టు, గోంగూర పచ్చడి, పేజీకో కన్నీటిబొట్టు. మా ఇంట్లో అలా ఏడ్చే తీరిక ఎవరికీ లేదు. నాన్న తెనాలి నుంచి మద్రాసులో సినిమావాళ్ళ పేట కోడంబాక్కం వచ్చి సినిమా దుస్తులు కుట్టేవాడు. సినిమాలు హైదరాబాద్ పోయినా మేం పోలేదు, అద్దె కొంపలు మాత్రం పదకొండు మారాం. ఒక ఓనరమ్మ రోజుకి ఎనిమిది బిందెలే అని గుమ్మం పక్కన సుద్దముక్కతో గీతలు పెట్టేది. అమ్మ మధ్యాహ్నం కొంగుతో ఒక గీత తుడిచేసేది. ఇక్కడ మేం గొల్టీలం, తెలుగువాళ్ళకి తమిళులు పెట్టిన వెక్కిరింపు పేరది. తెనాలి పెళ్ళిళ్ళలో మాత్రం ‘అరవవాళ్ళొచ్చారు’.

తమిళంలో భ, ప రెండిటికీ ఒకటే అక్షరం. రేషన్ కార్డులో మా నాన్న భాస్కరరావు కాస్తా పాస్కరరావయ్యాడు. “ఎస్సెల్సీ మూడుసార్లు తప్పాను, ఇక్కడ అడక్కుండానే పాస్ చేశారు” అని వచ్చినవాళ్ళందరికీ కార్డు చూపించేవాడు.

బిస్వాస్ చివరికి అప్పుచేసి ఇల్లు కొంటాడు. కొన్ని కిటికీలు మూతపడవు. చావుకి పది వారాల ముందు ఉద్యోగం పోతుంది. నలభై ఆరేళ్ళకే, అప్పు తీరకుండానే పోతాడు.

మా నాన్న పల్లావరం అవతల రెండు గదుల ఫ్లాట్ కొన్నాడు. గృహప్రవేశం నాడు చూస్తే బాత్రూమ్ తలుపు కమోడ్‌కి తగిలి సగమే తెరుచుకుంటోంది. అందరూ బిల్డర్ని తిడుతుంటే నాన్న పక్కకి తిరిగి, కడుపు లోపలికి పీల్చి, దూరి చూపించాడు. “అరువు మీద కొన్న ఇల్లు కదా, ఇంకా సగమే మనది” అన్నాడు లోపల్నుంచి.