ధమనుల వయసుకు ధ్రువపత్రం కావాలి

తిరుమలలో అరవై ఐదేళ్లు నిండినవారికి ప్రత్యేక దర్శనం కల్పించడం మెచ్చుకోదగ్గ పద్ధతే గాని, ఆ వయసును ఆధార్ కార్డు చూసి తేల్చడంలో ఘోరమైన అశాస్త్రీయత ఉందని సవినయంగా మనవి చేస్తున్నాను. మనిషి ఎప్పుడు పుట్టాడో, లేదా బడిలో చేర్చుకునేటప్పుడు అయ్యవారికి ఏ తేదీ తోచిందో, అంతవరకే ఆ కార్డు చెప్పగలదు. మనిషి వయసంటే అతని ధమనుల వయసేనన్న మాట పదిహేడో శతాబ్దపు ఇంగ్లీషు వైద్యుడు థామస్ సిడెన్‌హామ్ పేరిట ఏనాటి నుంచో చలామణిలో ఉంది.

ఆ వయసును కొలవడానికి ఇప్పుడు యంత్రాలూ ఉన్నాయి. గుండె కొట్టిన ప్రతిసారీ పుట్టే ఒత్తిడి అల మెడలోని ధమని నుంచి తొడ మొదట్లోని ధమని దాకా ఎంత వేగంగా సాగుతోందో చూస్తారు; సాగే గుణమున్న నాళాల్లో అది నింపాదిగా నడుస్తుంది, బిరుసెక్కిన నాళాల్లో పరుగెత్తుతుంది, సెకనుకు 10 మీటర్లు దాటితే పెద్ద వయసువారిలోనైనా ప్రమాద సూచనగానే లెక్కిస్తారు. (ఒంట్లో వేగం పెరిగితే ముసలితనం వచ్చిందనుకోవలసిన చోటు బహుశా ఇదొక్కటే.) నాళాల గోడలకు సాగే గుణమిచ్చే ఎలాస్టిన్ అనే పోగులు ప్రధానంగా చిన్నతనంలోనే తయారవుతాయి; రోజుకు దాదాపు లక్షసార్లు సాగి ముడుచుకుంటూ అవి అరిగి తెగేకొద్దీ, భారమంతా కొలాజెన్ అనే గట్టి పోగుల మీద పడుతుంది. అధిక రక్తపోటు, మధుమేహం, పొగ ఈ పనిని తొందరపెడతాయి.

కాబట్టి ఆ యంత్రాన్ని అలిపిరిలో పెట్టించి, నలభై రెండేళ్లకే ధమనులను అరవై ఆరుకు చేర్చుకున్న కష్టజీవిని సగౌరవంగా వృద్ధుల వరుసలోకి పంపాలి. ఏటా 3,550 మెట్లూ ఎక్కి వచ్చే పలమనేరు అవ్వకు డెబ్బై ఏళ్లున్నా, ధమనులకు యాభై దాటలేదని తేలితే ఆమె సర్వదర్శనం వరుసలో నిలబడవలసిందే. శాస్త్రం ముఖం చూడదు.

ఇందులో చిక్కులు లేకపోలేదు. అప్పటి రక్తపోటును బట్టి అల వేగం మారుతుంది. ఆ వేగాన్ని ఏళ్లలోకి మార్చే లెక్క ఎవరి కొలతలతో పోల్చి తయారుచేశారన్నదాన్ని బట్టి, ఒకే మనిషికి రెండు యంత్రాలు రెండు వయసులు చెప్పవచ్చు. పరీక్షకు ముందు కాఫీ, పొగ తాగరాదన్న నియమం తెలిసిన దళారులు ఆ రెంటినీ కలిపి ఒక ప్యాకేజీగా అమ్మకమానరు. కాకపోతే పొగాకును కొండెక్కనివ్వరు గనుక వ్యాపారం తనిఖీ కేంద్రానికి ఇవతలే ముగించుకోవాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయసు 2022లో అరవై నుంచి అరవై రెండుకు పెరిగింది. ధమనుల లెక్కే అక్కడా పెడితే, కొండ మీద అరవై ఆరు కోరిన గుమాస్తాయే ఆఫీసులో నలభై ఐదు కోరుతాడు. అందుచేత ఒకే శరీరానికి రెండు ధ్రువపత్రాలు ఇచ్చే వెసులుబాటును నియమావళిలోనే చేర్చాలి.

ఉప్పు తగ్గించండి, రోజూ నడవండి, పొగ మానండి, బీపీ మాత్ర మాత్రం మానకండి అని పరీక్ష నివేదిక చివర ఉండే వాక్యాన్ని, ముద్ర వేయడానికి చోటు చాలనందువల్ల, ధ్రువపత్రం నుంచి తొలగించవచ్చు.